పాయలాకు తినండి, కానీ మందు కొట్టిన చేలోది వద్దు



మిరప ధర గురించో పత్తి తడి గురించో రాస్తానని చూసేవాళ్ళు ఈసారికి నన్ను మన్నించాలి. ఇవాళ ఒక కలుపు మొక్క గురించి చెబుతాను. మనం కూలి ఇచ్చి మరీ పీకించి గట్టు మీద పారేసే మొక్క. గంగపాయల కూర అంటారు. కొందరు పావిలాకు అంటారు, తెలంగాణ వైపు గంగవాయిలి కూర అంటారు. మా ఊళ్ళో పాయలాకు. పోస్టు కొంచెం పొడుగవుద్ది. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి ఆకు గొప్పలు మాత్రం చెబితే న్యాయం కాదు కాబట్టి మొత్తం రాస్తున్నా.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్యన. నల్లరేగడి. వాన పడితే కాలు దిగిపోద్ది, ఎండితే నెర్రెల్లో చెయ్యి దూరుద్ది. సొంతానికి రెండెకరాలు, అందులో పత్తి. మూడెకరాలు కౌలు, అందులో మిరప. 2021లో సంగతి ఇది. ఆ సంవత్సరం అంటే మన గుంటూరు, ప్రకాశం మిరప రైతులకి వేరే చెప్పక్కర్లేదు. నల్ల తామర పురుగు వచ్చిన సంవత్సరం.

ఆగస్టులో పత్తిలో కలుపు తీయిస్తున్నా. పది మంది ఆడవాళ్ళ ముఠా. వాళ్ళలో ఒక పెద్దామె ఉంది, అరవై దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. మిగతా వాళ్ళు పీకిన కలుపు సాలు మధ్యలో పడేస్తూ పోతుంటే, ఆమె మాత్రం ఒక రకం మొక్కని ఏరి, వేరు తుంచి, మన్ను దులిపి ఒళ్ళో కట్టుకుంటా ఉంది. దానివల్ల ఆమె సాలు వెనకబడింది. నాకు చిరాకు వచ్చింది. కూలి లెక్క గంటల్లో ఉంటది కదా.

"ఆ పిచ్చి మొక్క ఎందుకు పెద్దమ్మా, చెయ్యి ఆడించు" అన్నా.

ఆమె తల కూడా ఎత్తలేదు. "పిచ్చిది ఇదా అబ్బాయా, దీన్ని పారేసి పేటలో కట్ట పది రూపాయలకి పాలకూర కొనే మనమా?" అంది. ముఠా అంతా నవ్వారు. నేను కూడా నవ్వి ఊరుకున్నా, లోపల మాత్రం కాస్త గుచ్చుకుంది.

మర్నాడు అన్నాల వేళ చింతచెట్టు కింద ఆమె తన క్యారేజీలోంచి ఒక గరిటెడు పప్పు తీసి నా చేతిలో ఆకు మీద పెట్టింది. "తిని అప్పుడు చెప్పు" అంది. తిన్నాను. చింతకాయ పులుపు కాదు, గోంగూర పులుపు కాదు, వాటికన్నా మెత్తటి పులుపు. కాడలు పంటికింద కొంచెం కరకరలాడుతున్నాయి. పప్పుకి ఒక రకమైన చిక్కదనం వచ్చింది, బచ్చలికూర వేసినట్టు. రెండో ముద్దకి మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఈ రుచి నాకు తెలుసు! చిన్నప్పుడు శ్రావణమాసంలో మా ఇంట్లో ఈ పప్పు ఉండేది. ఆమె పోయాక, ఊళ్ళోకి కూరగాయల ఆటో రావడం మొదలయ్యాక, ఎప్పుడు మానేశామో కూడా తెలియకుండా మానేశాం. మా అమ్మని అడిగితే "అవున్రా, అప్పట్లో తినేవాళ్ళం, ఇప్పుడు ఎవరు ఏరుతున్నారు" అంది. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన ఇంట్లో మొక్క పేరు ఉంది, రుచి పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంటికి కూడా ఆకు రావడం మొదలైంది.

గుర్తుపట్టటం ఎట్టాగో ముందు చెబుతా, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే మిగతాదంతా దండగ. పాయలాకు నేలకి పరుచుకుని పెరుగుద్ది. కాడ గుండ్రంగా, నున్నగా, ఎరుపు కలిసి ఉంటది. నొక్కితే చిట్లి నీళ్ళు వస్తాయి. ఆకు చిన్న గరిటె ఆకారంలో దళసరిగా, నూనె రాసినట్టు ఉంటది. పువ్వు పసుపు, చాలా చిన్నది, పొద్దున ఎండ పడ్డాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటది. కాయ చూడండి, భలే ఉంటది. మూత పెట్టిన కుంకుమ భరిణె లాగా. మూత ఊడితే లోపల నల్లటి సన్న గింజలు. ఇళ్ళల్లో కుండీల్లో పెంచే గడ్డి గులాబీ దీని చెల్లెలే.

దీంతో పొరబడేవి రెండు. ఒకటి నానబాలు జాతి. తుంచితే తెల్లటి పాలు కారతాయి. పాలు కారితే అది పాయలాకు కాదు, పారేయండి. రెండోది అంబటిమాడు. కొన్ని ఊళ్ళల్లో గలిజేరు అంటారు. అది కూడా పత్తిలో మిరపలో దండిగా వస్తది. దాని ఆకు గుండ్రంగా ఉండి, జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటది. పువ్వు తెల్లగానో లేత గులాబీగానో ఉండి ఆకు మొదట్లో దాక్కుని ఉంటది. లేతప్పుడు దాన్ని కూడా వండుకునే వాళ్ళున్నారు గానీ, ముదిరిందైతే కడుపు కదులుద్ది. తెలియనప్పుడు తెలిసిన పెద్దవాళ్ళకి చూపించకుండా పొయ్యి మీద పెట్టొద్దు.

ఇప్పుడు వంట. మా ఇంట్లో కుదిరిన పద్ధతి చెబుతున్నా.

పప్పుకి ఒక గ్లాసు కందిపప్పు అయితే నాలుగు గుప్పిళ్ళ ఆకు. లేత కాడలు పారేయొద్దు, రుచి వాటిలోనే ఉంది. ఆరేడు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ, పసుపు. చింతపండు రేగుపండంత చాలు, ఆకే పులుపు. ఉప్పు కూడా ముందు తగ్గించి వేసి, తర్వాత చూసుకుని కలపండి. తాలింపులో వెల్లుల్లి నలగ్గొట్టి వేసి, రెండు ఎండుమిరపకాయలు. తమిళనాడులో ఈ ఆకు పేరే పరుప్పు కీరై, అంటే పప్పుకూర. పప్పుకీ దీనికీ ఉన్న పొత్తు వాళ్ళు పేరులోనే పెట్టేశారు.

పచ్చడి కావాలంటే ఆకుని కడిగి, నీడన ఆరబెట్టి, నూనెలో వేయించాలి. ఇందులో నీరు ఎక్కువ కాబట్టి ముందు బాగా ఊరుద్ది. ఆ నీరు ఇగిరేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే జిగురు పోదు. ఎండుమిరప, నువ్వులు, జీలకర్ర, వెల్లుల్లి విడిగా వేయించి రోట్లో నూరి, ఆకు ఆఖరిలో వేసి కచ్చాపచ్చాగా దంచాలి. వేడన్నంలో నెయ్యి వేసుకుంటే గోంగూరకి పోటీ అనను. మన జిల్లాలో ఆ మాట అంటే కొడతారు. కానీ గోంగూర పక్కన కూర్చోబెట్టొచ్చు.

మూడోది పెరుగు పచ్చడి. లేత ఆకు సన్నగా తరిగి, ఒక్క పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు వంచేసి, పెరుగులో కలిపి తాలింపు. ఇదే పనిని టర్కీ దేశంలో కూడా చేస్తారు. అక్కడ దీన్ని సెమిజోటు అంటారు, వెల్లుల్లి కలిపిన పెరుగులో వేసుకుంటారు. లెబనాన్ వాళ్ళు ఫత్తూష్ అనే పచ్చి ఆకుల సలాడ్‌లో వేస్తారు. మెక్సికోలో వెర్దోలాగాస్ అని మాంసంతో కలిపి వండుతారు. అమెరికాలో థోరో అని ఒక రచయిత ఉండేవాడు. గాంధీ గారు ఆయన రాతలు చదివారు. ఆయన అడవి చెరువు పక్కన గుడిసె వేసుకుని ఉన్నప్పుడు, తన జొన్నపొత్తుల చేలో మొలిచిన పాయలాకుని ఉడకబెట్టి ఉప్పు వేసుకుని ఒక పూట భోజనం చేశానని 1854లో అచ్చయిన వాల్డెన్ పుస్తకంలో రాసుకున్నాడు. తాలింపు లేకుండా తిన్నాడంటే పాపం అనిపించింది. అయినా మన చేలో కలుపే ఆయన చేలో కూడా కలుపు, మనకి కూరైనట్టే ఆయనకీ కూరైంది.

పెద్దమ్మ చెప్పిన ఇంకో సంగతి. "పులుపు కావాలంటే పొద్దున్నే కొయ్యి, చప్పగా కావాలంటే సాయంత్రం కొయ్యి" అంది. నేను నమ్మలా. ఒకరోజు బోరు దూరంగా ఉన్న ఎండు చెక్కలో పొద్దున ఆరు గంటలకి ఒక గుప్పెడు, సాయంత్రం ఐదు గంటలకి ఒక గుప్పెడు కోసి పచ్చిది నమిలి చూశా. నిజమే, పొద్దుటిది బాగా పులుపు. తర్వాత తెలుసుకున్నాను. ఈ మొక్క మామూలుగా జొన్న, మొక్కజొన్న ఎండని వాడుకునే పద్ధతిలోనే వాడుకుంటది. నీటి ఎద్దడి వస్తే మాత్రం పద్ధతి మారుస్తది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటది. పీల్చుకున్నదాన్ని మాలిక్ ఆమ్లంగా ఆకులో దాచి, పగలు కొంచెం కొంచెం ఖర్చు పెడుతుంది. అందుకే తెల్లవారేసరికి పులుపు నిండి ఉంటది. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదట. బడికి పోని మనిషి నాలిక మీద ఉన్న లెక్క అది.

ఇక మందు గుణాలు. ఇక్కడ జాగ్రత్తగా చెబుతా, ఎందుకంటే వాట్సాప్‌లో ఏ ఆకు కనపడినా సకల రోగ నివారిణి అని పెట్టేస్తున్నారు.

పెద్దమ్మ వాడేది నాలుగింటికి. నోటిపూతకి పచ్చి ఆకు నమలటం. ఎండాకాలం మూత్రం మంటకి ఆకు పప్పు, మజ్జిగ. విరేచనం సాఫీగా కాకపోతే కూర. మిరపకాయల కోతలో చేతుల మంటకి ఆకు నలిపి పట్టించటం. ఈ ఆఖరిది నేనే చేసి చూశా. ముందు కొబ్బరినూనె పట్టించి గుడ్డతో తుడవాలి, కారం నూనెకే వదులుద్ది, నీళ్ళకి వదలదు. తర్వాత ఈ ఆకు నలిపి రాస్తే చల్లగా ఉంటది. మంట తగ్గింది, పోయిందని మాత్రం అనను. దీని జిగురుకి ఆ చల్లదనం ఉంది. ఆయుర్వేదంలో దీన్ని లోణిక అంటారు. చైనా వైద్యంలో గుర్రప్పన్ను కూర అనే అర్థం వచ్చే పేరుతో జిగట విరేచనాలకి వాడతారు.

ఇది మందు అనేకన్నా బలమైన తిండి అనటం సబబు. వంద గ్రాముల పచ్చి ఆకులో సుమారు 93 గ్రాములు నీళ్ళే. మిగిలిన ఆ కాస్తలోనే పొటాషియం 490 మిల్లీగ్రాముల దాకా, మెగ్నీషియం 68, కాల్షియం 65, ఇనుము దాదాపు 2, విటమిన్ సి 21 మిల్లీగ్రాములు ఉంటాయి. అన్నిటికన్నా విశేషం ఒమేగా-3 కొవ్వు. చేపల్లో ఉంటదని డాక్టర్లు చెప్పేదాని జాతిది, అవిసె గింజల్లో ఉండే రకం. ఆకుకూరల్లో ఇది ఎక్కువగా ఉన్నది పాయలాకులోనే అని 1980, 90లలో అమెరికాలో సిమోపౌలస్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసిన వాళ్ళు రాశారు. వంద గ్రాముల ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటదని లెక్క.

ఇవన్నీ తెలిశాక నాకు తల తిరిగింది. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి లాగా కనపడ్డవాళ్ళందరికీ చెప్పటం మొదలుపెట్టా. చేలోకి వచ్చిన ముఠా అంతా ఒళ్ళో ఆకు కట్టుకుని పోతుంటే నేనే దగ్గరుండి "ఆ సాలులో బాగుంది చూడండి" అని చూపించేవాణ్ణి.

అక్కడే దెబ్బ తగిలింది.

నవంబరు ముసురు వెలిసింది. మిరప పూత మీద ఉంది. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా సన్నటి పురుగులు, ఒక్కో పువ్వులో పది, ఇరవై. శాస్త్రవేత్తలు దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు. మనకి అలవాటైన తామర పురుగు ఆకు ముడత తెస్తే, ఇది పూతనే తినేస్తది. లాం ఫారం వాళ్ళు మందు మీద మందు కొట్టొద్దు, నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి అని చెబుతూనే ఉన్నారు. వినే స్థితిలో ఎవరున్నాం? ఎకరానికి లక్ష దాటిపోయింది పెట్టుబడి. పక్క చేనోడు కొట్టాడంటే మనం కొట్టాలి, లేకపోతే పురుగు మన చేలోకి వస్తదని భయం. నాలుగు రోజులకి ఒకసారి, ఒక ట్యాంకులో రెండు మూడు రకాలు కలిపి. కొట్లో ఏది ఇస్తే అది. డిసెంబరులో ఒక సాయంత్రం నేను అట్టాగే రెండు రకాలు కలిపి కొట్టించా. మర్నాడు పొద్దున కలుపుకి ముఠాని పిలిచా. రాత్రి మందు కొట్టామన్న మాట వాళ్ళకి చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. నా తలకాయ నిండా పూత ఉంది, మనుషులు లేరు.

సాళ్ళ మధ్య పాయలాకు మంచి ఏపు మీద ఉంది. మిరపకి కొట్టిన మందు దాని మీద పడకుండా ఎక్కడ పడుద్ది?

ఆ రాత్రి తొమ్మిది దాటాక ఫోను వచ్చింది. పెద్దమ్మకీ, ఆమె దగ్గర ఉండే మనవడికీ వాంతులు. వాడికి ఏడేళ్ళు. ఏం తిన్నారంటే పప్పు, అన్నం. ఏం పప్పు అని అడగబోయి ఆగిపోయా. నాకు తెలిసిపోయింది.

బండి మీద ఇద్దరు కుర్రాళ్ళని పంపి, ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు అడిగిన మొదటి మాట "ఏం మందు కొట్టారు?" పేర్లు నాకు నోటికి రాలేదు. మళ్ళీ చేలోకి పోయి, టార్చి లైటు వేసుకుని, గట్టు మీద పారేసిన ఖాళీ సీసాలు వెతికి తెచ్చి చూపించా. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఇట్టాంటివి జరిగితే సీసా వెంట తీసుకుపోండి. దాని మీద ఏ రసాయనమో, విరుగుడు ఏమిటో రాసి ఉంటది. డాక్టరుకి ఆ కాగితం ముక్కే దిక్కు.

సెలైన్లు ఎక్కించారు. పిల్లోడు తెల్లవారేసరికి తేరుకున్నాడు. పెద్దమ్మకి రెండు రోజులు పట్టింది. మందు ఆకు మీద పడి కడుపులోకి పోయి ఉంటదని డాక్టరు అన్నారు. ఆమె మంచం మీద పడుకుని నాతో అన్న మాట ఒకటే, "నాలుగు నీళ్ళు పోసి కడిగానయ్యా, ఉప్పు కూడా వేశా". తప్పు తనదన్నట్టు చెప్పింది. ఆమె నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆమె కడిగింది నిజమే. కడిగితే పోయే మందు వేరు, పోని మందు వేరు. ఇప్పుడు మనం కొట్టే వాటిల్లో చాలా అంతర్వాహిక మందులు. ఆకు మీద పడి లోపలికి ఇంకిపోతాయి, రసంలో కలిసి పాకుతాయి. ఉప్పు నీళ్ళు, పసుపు నీళ్ళు వాటిని ఏమీ చేయలేవు. సీసా మీద కోతకి ముందు ఇన్ని రోజులు ఆగాలని రాసి ఉంటది చూడండి, ఆ లెక్క మిరపకాయకి. సాళ్ళ మధ్యన పడి ఉన్న పాయలాకుకి ఆ లెక్క ఎవరూ కట్టలేదు. పైగా ఇది నీళ్ళు పట్టి ఉంచే దళసరి మొక్క. కలుపు మందు కొట్టిన చోట కూడా అంతే. మొక్క ఒక్క రోజులో వాడిపోదు, పచ్చగానే కనపడుద్ది. ఏరుకునే వాళ్ళకి ఎట్టా తెలుస్తది?

ఇంకో సంగతి. మందు కొట్టిన చేలోకి మర్నాడే మనుషుల్ని దించటమే తప్పు. ఆకు తినకపోయినా, తడి ఆకులు చేతులకీ కాళ్ళకీ రాసుకుంటాయి. సీసా మీద త్రికోణం ఎరుపు ఉంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్ళకి కూడా రంగు తెలుస్తది. చదువొచ్చిన నేను చూడలేదు.

ఆ ఏడాది మిరప పోయింది, కౌలు డబ్బులు అప్పుగా మిగిలాయి. చాలామందికి పోయినట్టే. అప్పు తీరింది, కొంత ఇంకా ఉంది. కానీ ఆ రాత్రి టార్చి లైటులో సీసాలు వెతికిన ఇరవై నిమిషాలు మాత్రం పోలేదు.

తర్వాత మూడు పనులు చేశా.

ఒకటి, మందు కొట్టిన రోజు చేను నాలుగు మూలలా కర్రలకి ఎర్ర గుడ్డ కడతాను. గుడ్డ ఉన్నన్నాళ్ళూ ఆ చేలో ఆకు ముట్టకూడదని ముఠాకి చెప్పేశా. మిరపలో అయితే గుడ్డ సీజనంతా ఉన్నట్టే లెక్క. పిలిచేటప్పుడే ఫోనులో "ఫలానా రోజు ఫలానా మందు కొట్టాను" అని చెబుతాను. ముఠా వాళ్ళు ఇప్పుడు మిగతా రైతుల్ని కూడా అడుగుతున్నారు. ఒకరిద్దరికి కోపం వచ్చిందట. రానీయండి.

రెండోది, ఇంటి వెనక పెరట్లో రెండు సెంట్లు పాయలాకుకి వదిలేశా. మందు పడని చోటు, మురుగు కాలవ పారని చోటు. దీనికి విత్తనం కొనక్కర్లేదు. కాడ జానెడు తుంచి తడి మట్టిలో గుచ్చితే వారంలో వేరు పోసుకుంటది. మూడు నాలుగు వారాల్లో కోతకి వస్తది. పూత రాకముందు కొస్తే లేతగా ఉంటది, మళ్ళీ చిగురు వేస్తది. పశువుల ఎరువు గుప్పెడు, రెండు రోజులకి ఒకసారి నీళ్ళు, అంతే. పెద్దమ్మ వచ్చి తనకి కావాల్సింది కోసుకుంటది. మిగిలితే కట్టలు కట్టి ఊళ్ళో అమ్ముకుంటది. ఆ డబ్బులు ఆమెవే.

మూడోది, చేలో కలుపుగా ఉన్నదాన్ని పీకే పద్ధతి మార్చా. ఇది పీకి సాలులో పడేస్తే చావదు. వేరు ఆకాశం వైపు ఉన్నా బతికి, ఒంట్లో ఉన్న నీళ్ళతోనే గింజ కట్టేస్తది. తెగిన ముక్కలు మళ్ళీ నాటుకుంటాయి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తది, అవి నేలలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. అందుకని పూత రాకముందే పీకి, చేను బయటికి మోసి కుప్ప వేయించాలి. ఆ కుప్ప తెచ్చి ఆకలి మీదున్న గొర్రెలకీ మేకలకీ ఒక్కసారిగా వేయొద్దు. ఇందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, మోతాదు మించితే జీవాలకి ప్రమాదం.

ఆ ఆక్సాలిక్ ఆమ్లం మాట మనుషులకి కూడా వర్తిస్తది. మా బాబాయికి కిడ్నీలో రాళ్ళు వచ్చి ఉన్నాయి. నా ప్రచారం విని రోజూ పాయలాకు రసం తాగుతానన్నాడు. ముందు డాక్టర్ని అడుగు అన్నా. డాక్టరు వద్దన్నారు. పాలకూర లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఎక్కువ, రాళ్ళు కట్టే ఒంటికి మంచిది కాదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకీ, డయాలసిస్ చేయించుకునే వాళ్ళకీ పొటాషియం కూడా ముప్పే. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళ బాధ, కిడ్నీ బాధ ఎట్టా ఉందో మీకు తెలుసు. ఆ ఇళ్ళల్లో ఎవరైనా ఫలానా ఆకు రసంతో కిడ్నీలు బాగవుతాయన్న వీడియో చూసి మందులు మానేస్తే ప్రాణం మీదకి వస్తది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా వారానికి రెండు మూడు సార్లు, కూరగా తినండి. ఉడికించి నీళ్ళు వంచేస్తే ఆక్సలేట్లు కొంత పోతాయి. పెరుగులో కలిపితే పెరుగులోని కాల్షియం దాన్ని కొంత పట్టేసుకుంటది. టర్కీ వాళ్ళూ మన నాయనమ్మలూ పెరుగులో కలపటం ఊరికే పుట్టలేదేమో అనిపిస్తది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు ఇట్టాంటి సాగు చేయని ఆకుకూరల్ని ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వస్తున్నారు. చిరుధాన్యాల చేలల్లో మందు కొట్టరు కాబట్టి వాళ్ళకి చేనంతా కూరల బుట్టే. మన పత్తి మిరప నేలల్లో అది కుదరదు. ఒకప్పుడు కూలికి వచ్చిన తల్లి సాయంత్రం కూలి డబ్బులతో పాటు ఒళ్ళో కూర కూడా పట్టుకుపోయేది. ఆ కూర మనం ఇచ్చింది కాదు, నేల ఇచ్చింది. మనం మందు కొట్టి దాన్ని తీసేసుకున్నాం, ఎవరూ లెక్క అడగలేదు. మందులు రేపటికల్లా మానేయండి అని చెప్పే మొహం నాకు లేదు, నేను కూడా పూర్తిగా మానలేదు. తగ్గించా. జిగురు అట్టలు పెడుతున్నా, పురుగు చూసి కొడుతున్నా, పక్క చేనుని చూసి కొట్టటం మానేశా. కానీ ఒక కర్రకి ఎర్ర గుడ్డ కట్టటానికి ఖర్చేం లేదు. కూలికి వచ్చే మనిషికి ఒక మాట చెప్పటానికి ఖర్చేం లేదు.

పెద్దమ్మ మనవడు ఇప్పుడు హైస్కూలు. మొన్న పెరట్లోకి వచ్చి ఆకు కోస్తూ, "ఇది కొట్టిందా, కొట్టందా?" అని అడిగాడు. కొట్టంది అన్నా. అయినా ఒకసారి వాసన చూసి మరీ సంచిలో వేసుకున్నాడు. నాకేం కోపం రాలేదు.

మీ ఊళ్ళో పాయలాకుని ఏమంటారో, మీ ఇళ్ళల్లో ఎట్టా వండుతారో కింద రాయండి. మీ చేలల్లో ముఠాకి మందు సంగతి చెప్పే అలవాటు ఉందో లేదో కూడా నిజం రాయండి. లేకపోతే సిగ్గుపడక్కర్లేదు, నాకూ లేదు. ఈ కలుపు నుంచైనా మొదలుపెడదాం.